సబ్‌వూఫర్‌కు పై అధికారి

మా ఇంట్లో సబ్‌వూఫర్ పెట్టుకోవాలా వద్దా అనేది మా ఇంటి సంగతి అని నేను చాలాకాలం భ్రమపడ్డాను. కాదట. అది పరిపాలనకు సంబంధించిన సంగతట. ఆ ముక్క నా బుర్రకెక్కించడానికి ఒక శాఖ మొత్తం శ్రమపడింది. వాళ్ల శ్రమ వృథా పోకూడదు కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

నా పేరు కంబగిరి. అనంతపురంలో ఒక మేడమీది వాటాలో కాపురం ఉంటూ, ఉన్న గదుల్లో ఒకదానికి స్టూడియో అని పేరు పెట్టుకున్నాను. గోడల నిండా కోడిగుడ్ల అట్టలు, తలుపుకు పాత బొంత, బల్లమీద కంప్యూటరు, దానికి అటూ ఇటూ రెండు చిన్న స్పీకర్లు. మా వృత్తిలో ఈ స్పీకర్లను మానిటర్లు అంటాం. పాటకు సోకులు దిద్దకుండా ఉన్నదున్నట్టు వినిపించడం వాటి పని. నా మానిటర్లు నిజాయితీ గలవే గానీ మరీ పిట్టప్రాణాలు. గొంతు, పిల్లనగ్రోవి, గజ్జెలు శుభ్రంగా వినిపిస్తాయి. బరువైన శబ్దం వచ్చిందా, మనకెందుకులే అన్నట్టు గమ్మునుంటాయి.

ఆ లోటుతోనే బడి వార్షికోత్సవాల పాటలు, ఎన్నికల్లో నిలబడ్డవాళ్ల పాటలు చేసి బతుకు వెళ్లదీస్తున్నాను. ఎన్నికల పాటలో బరువు ఉండదు కాబట్టి ఎవరూ పట్టుకోలేదు. చిక్కంతా ఓబులేసన్న ఉరుముతో వచ్చింది.

ఉరుము అంటే రెండు వైపులా తోలు బిగించిన వాయిద్యం. ఒకవైపు వంకర పుల్లతో రుద్దితే కడుపులోంచి గుర్రుమంటుంది. రెండోవైపు కొడితే కాళ్ల కింద నేల అదురుతుంది. జాతరలో ఆ గుర్రు లేస్తే చంకలో ఏడ్చే బిడ్డ కూడా ఏడుపు ఆపి చూస్తుంది. ఓబులేసన్న ఉరుముల దళంలో ఒకప్పుడు చాలామంది ఉండేవాళ్లు. ఒక్కొక్కరే బెంగళూరు పనులకు పోగా, చివరికి ఆయన ఒక్కడే మిగిలాడు. ఆయనకూ కుడి భుజం పట్టేస్తోంది.

“చెయ్యి ఆడేటప్పుడే పట్టుకో అబ్బయా,” అన్నాడు ఒకరోజు మా ఇంటికొచ్చి. “రేప్పొద్దున నేను కొట్టల్యాకపోయినా, ఉరుమంటే ఇట్లుంటాదని పిల్లోల్లు ఇనల్ల గదా.”

మైకు పెట్టి పట్టుకున్నాను. ఆయన పాడాడు, వాయించాడు. నేను శబ్దాలు సర్ది పాటగా కలిపి, జాతరలో పెద్ద పెట్టెల్లో వేశాను. ఏముంది! నా మానిటర్లలో వినపడని బరువును గుడ్డిగా పెంచేసి ఉన్నాను. పెట్టెలు బోరుమన్నాయి. పాటలో ఒక్క మాట తెలియలేదు. జనం చెవులు మూసుకుని అవతలికి పోయారు. ఇంటికొచ్చి బరువు తగ్గించాను. ఇంకో ఊళ్లో వేస్తే ఈసారి ఉరుమే లేదు. ఓబులేసన్న పెట్టె పక్కన నిలబడి, దానికి చెవి ఆనించి విన్నాడు.

“నా ఉరుము యాడికి పాయె అబ్బయా? దోమ ముసిరినట్టుందే!” అన్నాడు.

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది.

సబ్‌వూఫర్ కొందామని అప్పుడు అనుకున్నాను. మానిటర్లు వదిలేసిన అడుగు శబ్దాన్ని అందుకునే బరువైన పెట్టె అది. అదుంటే నేను ఎంత పెంచుతున్నానో, ఎంత తగ్గిస్తున్నానో నాకే వినపడుతుంది. కానీ కొనేముందు నలుగురినీ అడగడం నా బుద్ధితక్కువ. ఇంటర్నెట్టులో సగంమంది అది లేకుండా పాట చేసేవాడు పాపాత్ముడన్నారు. మిగతా సగంమంది చిన్న గదిలో అది పెడితే శబ్దమంతా మూలల్లో పేరుకుని ఉన్నది కూడా చెడుతుందన్నారు. షాపతను ఉన్నవాటిలో పెద్దది తీసుకోమన్నాడు. కింది వాటావాళ్లు ఏదీ తీసుకోవద్దన్నారు.

మా ఆవిడ వన్నూరమ్మ, “ఆ గదిలో నువ్వే పట్టవు, దాన్ని యాడ పెడతావు?” అంది. మళ్లీ తనే, “ఓబులేసన్న మొగం చూడలేకున్నా. తెచ్చుకో పో, మూల ఉండే బియ్యం డబ్బా నేను వంటింట్లోకి జరుపుకుంటాలే,” అంది. అంతటితో మా ఇంట్లో తీర్మానం అయిపోయింది.

అప్పటికే రాష్ట్రంలో ఇంటి స్టూడియోల పిచ్చి ముదిరింది. మైకు కొనని ఇల్లు లేదు, పాట పెట్టని అల్లుడు లేడు. ముదిరిన పిచ్చికి ప్రభుత్వం ఒక శాఖ పెట్టడం ఆనవాయితీ కాబట్టి గృహధ్వని సంక్షేమ శాఖ పుట్టింది. ‘ఇంటింటా నాదం’ అని గోడల మీద రాశారు. నమోదైన ప్రతి స్టూడియోకూ గుమ్మం మీద కొట్టుకోవడానికి ఒక రేకు ఇచ్చారు. ఉచితంగా వచ్చింది కదా అని నేనూ సంబరంగా కొట్టుకున్నాను. రేకు కొట్టుకున్నవాడు ఏ కొత్త పరికరం తెచ్చుకోవాలన్నా శాఖ అనుమతి ఉండాలని షాపతను చెప్పేదాకా నాకు తెలియదు.

“పెట్టె నీ పేరుమీద తీసి పక్కన పెడతానన్నా. ఆర్డరు తెచ్చుకో. లేకపోతే నా షాపుకు తాళమేస్తారు,” అన్నాడు.

శాఖ కార్యాలయంలో సూపరింటెండెంట్ దివాకరరావు గారని ఉన్నారు. మాట్లాడేముందు పెన్ను మూత తీస్తారు, మాట్లాడటం అయ్యాక పెడతారు. మూత పెట్టాక మనమేం చెప్పినా ఆయనకు వినపడదు.

“మీ వద్ద ప్రస్తుతం రెండు మానిటర్లు ఉన్నట్లు రికార్డు తెలియజేస్తున్నది,” అన్నారు మూత తీసి.

“అవును సార్.”

“తరగతికి ఒక మానిటరే కదండీ ఉండవలసింది?”

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

“ఎడమ చెవికొకటి, కుడి చెవికొకటి సార్,” అన్నాను నవ్వు మింగేసి.

“సరే, చెవుల ప్రాతిపదికన సర్దుబాటు చేద్దాం. ఇక ప్రధానాంశం. మీరు కోరుతున్నది సబ్ వూఫర్. మరి వూఫర్ ఎవరు?”

“ఎవరేంది సార్?”

“సబ్ కలెక్టరుకు పైన కలెక్టరు ఉంటారు. సబ్ ఇన్‌స్పెక్టరుకు పైన ఇన్‌స్పెక్టరు. సబ్ ట్రెజరీకి పైన జిల్లా ట్రెజరీ. మీ సబ్ వూఫర్ ఎవరికి రిపోర్టు చేస్తాడండీ?”

“సార్, అది మనిషి కాదు, పెట్టె. సబ్ అంటే ఉద్యోగం కాదు. కిందిస్థాయి శబ్దం ఇస్తుందని ఆ పేరు.”

“కిందిస్థాయి అని తమరే సెలవిస్తున్నారు. పైస్థాయి ఎవరని శాఖ అడుగుతున్నది.” ఆయన ముందుకు వంగారు. “పై అధికారి లేని ఉద్యోగిని ఒక ఇంట్లో స్వేచ్ఛగా వదిలేస్తే, రేపు వాడి ప్రవర్తనకు పూచీ ఎవరు? వాడికి సెలవెవరు మంజూరు చేయాలి? సర్వీసు రిజిస్టరులో ఎవరు రాయాలి?”

పెన్ను మూత పడింది.

ఫైలు ఉద్యోగుల వ్యవహారాలు చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షనుకు పోయింది. కొన్నాళ్లకు ఉత్తర్వులు రావడం మొదలైంది. షాపులో పక్కన పెట్టిన పెట్టెను ‘పోస్టింగు నిమిత్తం నిరీక్షణలో’ ఉన్నట్టుగా ప్రకటించారు. ఈలోగా పాలన కుంటుపడకూడదని నా ఎడమ మానిటర్‌కు వూఫర్‌గా పూర్తి అదనపు బాధ్యతలు అప్పగించారు. దానివల్ల కుడి మానిటర్ సీనియారిటీ దెబ్బతిన్నట్లయితే ఆక్షేపణ దాఖలు చేసుకోవచ్చునని గడువు కూడా ఇచ్చారు. కుడి మానిటర్ ఏ ఆక్షేపణా దాఖలు చేయలేదు. దాని సంస్కారాన్ని మెచ్చుకుంటూ ఇంకో కాగితం వచ్చింది.

వన్నూరమ్మ ఆ కాగితం చదివి, “అది నీకంటే మేలు,” అంది.

మధ్యలో ఓబులేసన్న రెండుమూడుసార్లు వచ్చిపోయాడు. వచ్చినప్పుడల్లా కుడిచెయ్యి ఎడమచేత్తో పట్టుకుని కూర్చునేవాడు. “ఎప్పుడొస్తాదబ్బయా నీ పెట్టె? ఈ జాతరకన్నా వేద్దామా?” అని అడిగేవాడు. వస్తుందన్నా, వస్తుందన్నా అని చెప్పి పంపేవాణ్ణి. ఆయన మెట్లు దిగిపోయాక ఒళ్లు మండిపోయేది. ఎవరి మీద మండాలో కూడా తెలిసేది కాదు. పెట్టె మీదా, సబ్ అనే మాట మీదా, నా గుమ్మం మీది రేకు మీదా?

చివరికి ఫైలు కమిషనరు వసుంధరాదేవి గారి దాకా వెళ్లింది. ఆమె చాలా ముందుచూపు గల మనిషి. సబ్‌ను కాదనడం అభివృద్ధికి విరుద్ధం, మెయిన్ లేకుండా సబ్‌ను ఒప్పుకోవడం నిబంధనలకు విరుద్ధం, కాబట్టి ముందు మెయిన్ వూఫర్ పోస్టును సృష్టించాలని తేల్చారు. అర్హతలు ప్రకటించారు: అభ్యర్థి స్థానికుడై ఉండవలెను. ధ్వని గంభీరముగా ఉండవలెను. సదరు ధ్వని ఎదుటివారి ఛాతీలో కదలిక కలిగించవలెను.

అభ్యర్థులకు కొదవలేదు. పదవీ విరమణ చేసిన ఒక తహసీల్దారు వచ్చి ఒకప్పటి తన కేకలు కేకవేసి చూపించాడు. బస్టాండులో బస్సుల పేర్లు చదివే ఆయన వచ్చాడు. ఒక వార్డు నాయకుడు వచ్చి ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఎంపిక కమిటీకి నిద్ర వచ్చిందే తప్ప ఛాతీలో కదలిక రాలేదు.

అప్పుడు నాకొక ఆలోచన తట్టింది. నా తెలివికి నిప్పు పెట్ట! ఒక్కసారి ఓబులేసన్నను తీసుకుపోయి, ఆ ఉరుమేదో చెవులారా వినిపిస్తే, అడుగు శబ్దమంటే ఏమిటో, నాకు పెట్టె ఎందుకు కావాలో వాళ్లకే తెలిసొస్తుందని అనుకున్నాను.

సమావేశ మందిరంలో పెద్ద బల్ల. అటువైపు కమిషనరు గారు, పక్కన దివాకరరావు గారు, ఇంకా ఎవరెవరో. ఓబులేసన్న తలుపు దగ్గరే నిలబడ్డాడు.

“ప్రదర్శించవచ్చును,” అన్నారు కమిషనరు గారు.

ఆయన భుజాన్ని ఒకసారి విదిలించుకుని పుల్లతో రుద్దాడు. గుర్రుమంది. మొదట బల్లమీది గాజు గ్లాసులు కదిలాయి. ఫ్యాను రెక్కల మీది దుమ్ము రాలింది. రెండోవైపు దెబ్బ పడేసరికి బీరువా తలుపు దానంతటదే తెరుచుకుంది, దొంతరగా పెట్టిన ఫైళ్లు జారి నేలమీద పడ్డాయి. దివాకరరావు గారి పెన్ను మూత ఎటో దొర్లిపోయింది. కమిషనరు గారు చెయ్యి తీసి గుండెమీద పెట్టుకున్నారు.

ఓబులేసన్న ఆపాడు. నా కళ్లు చెమర్చాయి. గెలిచామురా దేవుడా అనుకున్నాను.

“కదలిక కలిగినది,” అన్నారు కమిషనరు గారు. “నోట్ చేయండి. స్థానికులేనా?”

“కూడేరు పక్కనమ్మా,” అన్నాడు ఓబులేసన్న.

“శాఖ ఇన్నాళ్లుగా అన్వేషిస్తున్న మెయిన్ వూఫర్ వీరే.”

నేను నోరు వెళ్లబెట్టాను. “మేడం, ఆయన కళాకారుడు! నేనడిగింది పెట్టె…”

“ఆ పెట్టెకు పై అధికారి లభించారు. మీ సమస్య పరిష్కారమైనది. అభినందనలు.”

అటెండరు ఒక కుర్చీ తెచ్చి బల్ల దగ్గర వేశాడు. ఓబులేసన్న దానివైపు చూశాడు, నావైపు చూశాడు. జాతరల్లో ఆయన్ను చూశాను నేను. ఊరంతా పంక్తిలో కూర్చుని తినేదాకా ఒక పక్కన నిలబడి వాయిస్తూనే ఉంటాడు. ఇప్పుడు మెల్లగా వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. కొంచెంసేపయ్యాక వెనక్కి ఆనుకున్నాడు.

వరండాలోకి వచ్చాక, “పద ఓబులేసన్నా, పోదాం. వీళ్లకు పిచ్చి పట్టింది,” అన్నాను.

ఆయన కదల్లేదు. “కుర్చీ యేసినారబ్బయా,” అన్నాడు. “పుట్టినప్పట్నుంచి నిలబడే కొట్టినా. కూకోరా అని ఒగరన్నా అన్లేదు. ఈయమ్మ కుర్చీ యేయించింది.”

అందులో ఆయన తప్పేముంది?

ఉద్యోగం వచ్చాక ఉద్యోగ నియమావళి వచ్చింది. ప్రభుత్వోద్యోగి ప్రైవేటుగా ధ్వని చేయరాదు కాబట్టి జాతరలు నిలిచిపోయాయి. ఉరుము ప్రభుత్వ ఆస్తి అయింది. దానికి తెల్లరంగుతో నంబరు వేసి, ఎర్రగుడ్డ చుట్టి, ఆ రోజు తలుపు తెరుచుకున్న బీరువాలోనే పెట్టారు. తాళం దివాకరరావు గారి దగ్గర. గెజిటెడ్ హోదా గలవారు స్వయంగా వాయించడం హోదాకు భంగమని ఇంకో సర్క్యులరు వచ్చింది. వాయించవలసి వస్తే కిందివారితో వాయింపజేయవలెను. కిందివారెవరూ లేరు.

ఓబులేసన్నకు గదిచ్చారు, బల్ల ఇచ్చారు, బల్లమీద నొక్కితే మోగే గంట ఇచ్చారు. నేను చూడ్డానికి పోయిన రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. భుజం నొప్పి తగ్గిందట. తగ్గదా మరి?

“జాతరొస్తాంది కదన్నా. ఆ పాట పూర్తి చేయాల. ఒక్కసారి ఇంటికి రా, ఎంత పెంచల్లో ఎంత తగ్గించల్లో నువ్వే చెబుదువు,” అన్నాను.

“రాతపూర్వకంగా పెట్టుకో అబ్బయా,” అన్నాడు. నవ్వుతూ అంటున్నాడేమోనని చూశాను. లేదు. గంట నొక్కి నాకు టీ తెప్పించాడు.

పై అధికారి దొరికాడు కాబట్టి నా అనుమతి చకచకా వచ్చేసింది. ‘మెయిన్ వూఫర్ వారి పర్యవేక్షణకు లోబడి’ సబ్‌వూఫర్ మా ఇంట్లో చేరింది. బియ్యం డబ్బా జరిగింది.

కొత్త పెట్టెకు గదిలో సరైన చోటు వెతకడానికి మా వృత్తిలో ఒక పద్ధతి ఉంది. మనం కూర్చునే కుర్చీలో పెట్టెను పెట్టి పాట వేయాలి. మనం పసిబిడ్డలాగా నేలమీద పాకుతూ, శబ్దం ఎక్కడ నిండుగా, తేటగా వినిపిస్తుందో చూసుకోవాలి. ఎక్కడ బాగా వినిపిస్తే పెట్టెకు అదే చోటు. నేను ఓబులేసన్న పాట వేసి, పంచె ఎగ్గట్టి పాకడం మొదలుపెట్టాను.

తలుపు వెనక మూలకు పోయేసరికి ఆగిపోయాను. ఉరుము అక్కడుంది. పుల్ల తోలుమీద రాసుకుంటున్న రాపిడి, దాని కింద ఆ గుర్రు, ఆ కింద అరచేతుల్లోకి ఎక్కుతున్న అదురు. పాటలో ఒక్క మాట చెదరలేదు. ఆయన చెయ్యి ఇంకా ఆడుతున్న రోజుల నాటి ఉరుము, మా గదిలో, ప్రాణంతో ఉంది. నేను నేలమీద అట్లాగే ఉండి ఏడ్చేశాను.

వన్నూరమ్మ చేతికి పిండి అంటుకుని ఉండగానే వచ్చి గుమ్మంలో నిలబడింది. “ఇదా ఆయప్ప ఉరుము? మరి ఇన్నాళ్లూ మనం విన్నదేంది?” అంది.

అప్పుడే తనిఖీకి వచ్చారు. ముందు దివాకరరావు గారు, వెనక ఓబులేసన్న. దివాకరరావు గారు కుర్చీలో ఉన్న పెట్టెనూ, నేలమీద ఉన్న నన్నూ చూసి చాలా సంతోషించారు.

“సబ్ స్థాయి వారికి కుర్చీ, పౌరుడికి నేల! ఇంత చక్కని ప్రోటోకాల్ ఈ జిల్లాలో మరెక్కడా చూడలేదండీ,” అని పెన్ను మూత తీశారు. “అయితే ఒక అభ్యంతరం. పై అధికారి ధ్వనిని కింది అధికారి ధ్వని మించరాదు. మెయిన్ వూఫర్ గారి ధ్వని, నియమావళి మేరకు, ప్రస్తుతం శూన్యం. కావున సబ్ వూఫర్ ధ్వని అంతకు లోబడి ఉండవలెను.”

“శూన్యానికి లోబడి ఎట్లుంటుంది సార్?” అని అరిచాను. ఆయనతో లాభం లేదని తెలుసు. ఓబులేసన్నవైపు తిరిగాను. “అన్నా, నువ్వు విను. నీ ఉరుమే ఇది! పిల్లోల్లు ఇనల్లంటివే, ఇదే అది. నువ్వొక్క మాట చెప్పు, జాతరకు ఇట్లనే వేస్తాను. సంతకం పెట్టేది నువ్వే కదా!”

ఓబులేసన్న వింటున్నాడు. పుల్ల తోలుమీద తిరిగినప్పుడల్లా ఆయన కనుబొమ్మలు కదులుతున్నాయి. కుడిచేతి వేళ్లు దగ్గరికి ముడుచుకుని, లేని పుల్లను పట్టుకుని, ప్యాంటు మీద మెల్లగా రుద్దడం మొదలుపెట్టాయి. పెదాలు పాటతో పాటు ఆడాయి. నాకు ఆశ పుట్టింది. ఇప్పుడంటాడు, ఇంక అనేస్తాడు అనుకున్నాను.

“మెయిన్ వూఫర్ సార్ గారి ప్రొబేషన్ డిక్లరేషను వచ్చే నెలలో ఉందండీ, ఉద్యోగం ఖాయమయ్యేది అప్పుడే,” అన్నారు దివాకరరావు గారు, ఎవరితోనూ కాకుండా.

వేళ్లు ఆగిపోయాయి. ఓబులేసన్న ఆ చేతిని జేబులో పెట్టుకున్నాడు.

“తగ్గించండి,” అన్నాడు నాతో.

అండీ అన్నాడు! అబ్బయా అనే మనిషి, నన్ను మీరు అన్నాడు. లేచి వెళ్లి పెట్టె వెనక మీట తిప్పాను. నేలలో అదురు పోయింది. గుర్రు పోయింది. చివరికి రెండు మానిటర్లలోంచి దోమ ముసిరినట్టు ఏదో మిగిలింది.

“ఇప్పుడు సంతృప్తికరముగా ఉన్నది,” అని దివాకరరావు గారు రాసి కాగితం అటు జరిపారు. మెయిన్ వూఫర్ గారు జేబులోంచి చెయ్యి తీసి, ఎక్కడా ఆగకుండా, పూర్తి పేరుతో సంతకం పెట్టారు.